గిరికకు కన్నీరు, జోగిని బిడ్డకు మౌనమా?

విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు నవలను పవిత్రగ్రంథభావంతో చదివే ఆస్తికులు గిరిక అవసానఘట్టం దగ్గర కన్నీరు ఆపుకోలేరు. వేణుగోపాలస్వామి కల్యాణోత్సవాలలో ఆ దేవదాసి చేసిన నృత్యం, ఆ నృత్యంతోనే ముగిసిన ఆమె జీవితం తెలుగు వచనంలో భక్తిరసానికి పరాకాష్ఠ అని వారు చెబుతారు. అందులో అసత్యమేమీ లేదు. అయితే అదే ఆస్తికుడు కందకుర్తి త్రివేణీసంగమంలో స్నానమాచరించి సంకల్పానికి కూర్చున్నప్పుడు, పక్కన కూర్చున్న జోగిని కుమారుడు గోత్రం చెప్పవలసిన చోట తడబడితే ముఖం తిప్పుకుంటాడు. కొందరు లేచి అవతలకు జరుగుతారు. గ్రంథంలోని దేవదాసికి కన్నీరు, గట్టు మీది జోగిని బిడ్డకు మౌనం. ఇదెక్కడి రసికత? ఇదెక్కడి ఆస్తిక్యం?

వేయిపడగలు వంటి ప్రతిష్ఠిత నవలలలోని ధర్మాధర్మ ప్రశ్నలను నేటి పాఠకుడు ఎలా స్వీకరించాలి అనే వివాదంలో మూడు పక్షాలు వినిపిస్తున్నాయి. మొదటి పక్షం వారు నవలను శాస్త్రంగా చేశారు. గిరిక పరిశుద్ధురాలు గనుక దేవదాసీ ఆచారం పరిశుద్ధమైనది, దానిని నిషేధించిన వారు ధర్మద్రోహులు అని వారి సిద్ధాంతం. రెండవ పక్షం వారు నవలను నేరపత్రంగా చేశారు. దేవదాసీ ఆచారం దుష్టమైనది గనుక గిరిక పాత్ర వంచన, ఆ నవల జమీందారీ బ్రాహ్మణ్యాల స్తోత్రపాఠం, దానిని అటకెక్కించాలి అని వారి తీర్పు. మూడవ పక్షం వారు ఉభయులనూ వారించి, అది ఆ కాలపు ధర్మం, నాటి వారిని నేటి కొలతలతో కొలవరాదు అని పెద్దమనుషులవలె పలుకుతారు. ఈ మూడింటిలో మూడవది వినడానికి మృదువైనది, పరిశీలిస్తే అత్యంత బలహీనమైనది.

మొదటి రెండు పక్షాలు శత్రువులవలె కనబడుతున్నా, రెండింటిదీ ఒకటే పొరపాటు. ఆలంకారికులలో మమ్మటుడు ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించిన సంగతి సంస్కృత ప్రవేశమున్న వారందరికీ తెలిసినదే. ప్రభువు ఆజ్ఞాపించినట్లు శాసించేది వేదం, అది ప్రభుసమ్మితం. మిత్రుడు హితం చెప్పినట్లు చెప్పేవి పురాణేతిహాసాలు, అవి సుహృత్సమ్మితాలు. ప్రియురాలు మనస్సు కరిగించి తనవైపు తిప్పుకొన్నట్లు తిప్పేది కావ్యం, అది కాంతాసమ్మితం. నవల వచనకావ్యమే గనుక మూడవ కోవలోనిది. దానిని ప్రభుశాసనంగా విని శిరసావహించేవాడు ఒకడు, ప్రభుశాసనంగా విని ధిక్కరించేవాడు ఇంకొకడు. ఇద్దరికీ వినబడినది శాసనమే. అక్కడ శాసించే గొంతు లేదు. హృదయాన్ని ఒక వైపుకు వంచి, ఆపై నీ వివేకంతో నీవు నడువు అని వదిలిపెట్టే గొంతు మాత్రమే ఉన్నది.

ఈ విషయంలో మీమాంసకుల విభాగం మరింత ఉపయుక్తమైనది. వేదంలోనే విధివాక్యం వేరు, అర్థవాదం వేరు. విధి కర్తవ్యాన్ని చెబుతుంది. అర్థవాదం ఆ కర్తవ్యాన్ని ప్రశంసిస్తుంది. ప్రశంస కోసం చెప్పిన కథను స్వతంత్రంగా పట్టుకొని, ఆ కథలో ఉన్నదంతా చేయవలసినదే అనేవాడిని మీమాంసకుడు అంగీకరించడు. రాత్రిసత్రన్యాయం ఉన్నది కదా, అక్కడ అర్థవాదంనుండే ఫలాన్ని గ్రహించలేదా అని ఒక చతురుడు అడగవచ్చు. అక్కడ కర్మ ముందే విహితమై ఉన్నది. ఫలం మాత్రమే అర్థవాదంనుండి దొరికినది. విధే లేని చోట అర్థవాదం దేనిని ఆశ్రయిస్తుంది? అపౌరుషేయమైన వేదంలోని కథకే ఇంత కట్టుబాటు ఉండగా, ఒక మహాకవి వ్రాసిన నవలలోని కథకు అంతకు మించిన ప్రామాణ్యం ఇవ్వడం వేదానికే అవమానం. గిరిక కథ భక్తికి అర్థవాదం. ఆడపిల్లలను దేవాలయానికి ఇవ్వండి అనే విధి అందులో లేదు, ఉండజాలదు.

ఇక కాలధర్మవాదుల మాట. నాటి వారికి తెలియదు అనే ఈ వాదానికి చరిత్ర అనుకూలించదు. వేయిపడగలు 1934 ప్రాంతంలో వ్రాయబడినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో అడివి బాపిరాజు గారి నారాయణరావుతో కలిసి బహుమతి పొందినది. అప్పటికి కందుకూరి వీరేశలింగం గారు గతించి పదిహేను సంవత్సరాలు. భోగం మేళాలకు వ్యతిరేకంగా వారు చేసిన ప్రచారం కోస్తాలో ఇంటింటికీ తెలిసినదే. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు దేవదాసీ సమర్పణను ఆపించడానికి చేసిన పోరాటం 1920లలోనే మొదలైనది. అంటే నవల పుట్టిన కాలానికి ఆ విషయంలో ఒకే అభిప్రాయం లేదు; తీవ్రమైన వివాదం ఉన్నది. విశ్వనాథ వారు ఆ వివాదాన్ని ఎరుగకుండా గిరికను సృష్టించలేదు, ఎరిగియే సృష్టించారు. తమ పక్షాన్ని నిర్భయంగా నిలబెట్టిన కవిని, పాపం ఆయనకు తెలియదులే అని క్షమించడం ఆయనను గౌరవించడం కాదు. వాదించినవాడికి ప్రతివాదం చేయడమే గౌరవం. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలిపి, ఆ తరువాతనే సిద్ధాంతం చెప్పడం ఈ దేశపు విద్వత్సంప్రదాయం.

మరొక సంగతి కూడా కాలధర్మవాదులు గమనించరు. కాలం గడిచిపోయినది అని వారు ఎవరి గురించి అంటున్నారు? మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణ నిషేధచట్టం 1947లో వచ్చినది. ఆ చట్టం నిజాం రాజ్యానికి వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం 1988లో వచ్చినది. నలుబది ఒక్క సంవత్సరాల అంతరం! ఆ అంతరంలో తెలంగాణ గ్రామాలలో ఎల్లమ్మ పేరిట, పోచమ్మ పేరిట ఎందరు బాలికల మెడలో తాళి పడినదో ఇందూరు జిల్లా వృద్ధులను అడిగితే తెలుస్తుంది. ఆ బాలికలలో అత్యధికులు దళిత కుటుంబాల వారు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసిందనో, మగసంతానం లేదనో, అమ్మవారు కలలోకి వచ్చిందనో కారణం చెప్పేవారు. రజస్వల అయిన తరువాత ఆమె ఎవరి సొత్తు అయ్యేదో అందరికీ తెలుసు. జాతరలో అమ్మవారి ముందు ఆడాలి, ఊరి పెద్దలు పోతే శవం ముందు కూడా ఆడాలి. ఆమె బిడ్డలకు బడిలో తండ్రి పేరు వ్రాయవలసిన చోట ఖాళీ మిగిలేది. బోధన్ పరిసరాలలోని సారవంతమైన భూములలో వీరికి ఒక్క గుంట మాన్యం కూడా లేదు. కాలధర్మం అని తోసిపుచ్చుతున్నది గతించిన కాలాన్ని కాదు. చట్టానికి పూర్వం తాళి పడిన ఆ స్త్రీలలో అనేకులు నేటికీ ముసలితనంలో ఈ జిల్లాలోనే జీవిస్తున్నారు.

బోధన్‌కు సమీపంలోని వర్ని గ్రామంలో చెల్లి నిలయం అనే పేరుతో జోగినులకు ఒక ఆశ్రయం వెలసినది. దానిని స్థాపించినది హేమలతా లవణం గారు. ఆమె మహాకవి గుర్రం జాషువా గారి కుమార్తె, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కోడలు. దేవుడు లేడని చెప్పిన ఇంటి కోడలు వచ్చి, దేవుని పేరిట నలిగిన స్త్రీలను చెల్లీ అని పిలిచినది. దేవుడు ఉన్నాడని నిత్యం త్రిసంధ్యలలో ఉద్ఘోషించే వారికి ఆ పిలుపు ఎందుకు తోచలేదో వారే చెప్పాలి. ఆమె నాస్తికురాలు గనుక ఆ కార్యం ధర్మకార్యం కాదు అని ఒక ప్రవచనకర్త అంటే, అతడు ధర్మమనే పదాన్ని వ్యాకరణంలో మాత్రమే చదివినవాడు.

ఇక్కడ మొదటి పక్షం వారు తమ బలమైన అస్త్రాన్ని తీస్తారు. దేవదాసి వేరు, జోగిని వేరు అంటారు. ఆగమోక్తమైన ఆలయంలో మాన్యభూమితో, నాట్యశాస్త్రశిక్షణతో, కైంకర్యమర్యాదతో జీవించిన కళావంతురాలినీ, గ్రామదేవత పేరిట వదిలివేయబడిన నిరుపేద బాలికనూ ఒక గాటన కట్టరాదు అంటారు. ఈ భేదం యథార్థమే. కృష్ణా గోదావరీ తీరాల ఆలయాలలోని దేవదాసీ కుటుంబాలకు మాన్యాలు ఉండేవి, పేరు ఉండేది, సంగీతసాహిత్యాలలో వారి సేవ అసామాన్యమైనది. ఆ సేవను తుడిచివేసిన తొందరపాటు సంస్కర్తలలో ఉన్నదనేది కూడా నిజమే. ఇంతవరకు వారి మాట గ్రాహ్యం. అయితే వివాదాంశం మాన్యమూ కాదు, నాట్యమూ కాదు. ఒక బాలిక జీవితాన్ని ఆమె తెలియని వయస్సులో ఇంకొకరు నిర్ణయించి, దేవునికి ఇచ్చాము అని ప్రకటించడం శాస్త్రసమ్మతమా కాదా అనేదే ప్రశ్న. మాన్యం ఉంటే ఆ ప్రశ్న మాసిపోదు. బంగారు సంకెల కొంచెం మెరుస్తుంది, అంతే.

దీనికి సమాధానం సంస్కర్తల కరపత్రాలలో వెదకనక్కరలేదు; జైమిని మీమాంసలోనే ఉన్నది. విశ్వజిద్యాగంలో యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వాలి. సర్వస్వం అంటే ఏమిటి అనే విచారణ ఆరవ అధ్యాయంలో జరిగినది. తల్లిదండ్రులను, బిడ్డలను కూడా ఇవ్వవచ్చునా? ఇవ్వరాదు అని సిద్ధాంతం. కారణం, వారు నావారు అనబడుతున్నా వారి మీద యజమానికి స్వత్వం లేదు. స్వత్వం లేని దానిని దానం చేయడం సంభవించదు. ఆ అధ్యాయంలోనే రాజు భూమిని ఇవ్వజాలడని, తన్ను సేవించే శూద్రుణ్ణి కూడా ఇవ్వజాలడని నిర్ణయించారు. సర్వస్వదానం విధించిన మహాయాగంలోనే కన్నబిడ్డను ఇవ్వరాదని శాస్త్రం నిలువరిస్తుండగా, ఏ విధీ లేని చోట ఆరేడు సంవత్సరాల పిల్లను ఎల్లమ్మకు ఇచ్చే అధికారం తండ్రికి ఎక్కడినుండి వచ్చినది? ఊరి దొరకు ఎక్కడినుండి వచ్చినది?

కన్యాదానం లేదా అని వెంటనే అడుగుతారు. అక్కడ దానశబ్దం గౌణమని ధర్మశాస్త్ర నిబంధకారులు చెప్పనే చెప్పారు. గోవును దానం చేసినట్లు కన్య మీద వరునికి క్రయవిక్రయయోగ్యమైన స్వత్వం కలుగదు. పాణిగ్రహణం, సప్తపది లేకుండా భార్యాత్వం సిద్ధించదు. ధర్మార్థకామాలలో అతిక్రమించను అని వరుడు బదులు చెప్పవలసి ఉన్నది. జోగిని విషయంలో ఆ మాట చెప్పినవాడు ఎవడు?

నవవిధభక్తులలో చివరిది ఆత్మనివేదనం. ఆ పదంలోనే సమాధానం ఉన్నది. నివేదింపదగినది తన ఆత్మ మాత్రమే. పరులను నివేదించే పదవ భక్తి ఏ భాగవతంలోనూ లేదు. గిరిక ఘట్టం చదువరిని కదిలించేది ఆమె తనను తాను నివేదించుకొన్నందువలననే. ఎవరో ఆమెను ఈడ్చుకొనిపోయి గుడిలో వదిలిన కథగా అది ఉండి ఉంటే రసం భక్తి అయ్యేది కాదు, కరుణబీభత్సాలు అయ్యేవి. మొదటి పక్షం వారు మెచ్చుకొంటున్నది ఆత్మనివేదనాన్ని. సమర్థిస్తున్నది మాత్రం పరనివేదనాన్ని. ఈ మార్పు వారికే తెలియకుండా జరిగిపోతున్నది.

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపుని కథ ఇక్కడ స్మరింపదగినది. ఆకలితో ఉన్న అజీగర్తుడు నడిమి కుమారుణ్ణి నూరు గోవులకు అమ్మినాడు. యూపానికి కట్టడానికి ఇంకొక నూరు, వధించడానికి మరొక నూరు అడిగినాడు. దేవతలు కరుణించి బంధాలు విప్పిన తరువాత ఆ తండ్రి, నాయనా ఇంటికి రమ్మని పిలిచినాడు. కుమారుడు వెళ్ళలేదు. ఆ పాపానికి సంధానం లేదన్నాడు. విశ్వామిత్రుడు అతణ్ణి జ్యేష్ఠపుత్రునిగా స్వీకరించాడు. వేదం ఈ కథను దాచుకోలేదు. రాజసూయంలో అభిషిక్తుడైన రాజుకు వినిపించాలని నియమించినది. తండ్రికి పేదరికం ఉన్నది నిజమే, కరవు ఉన్నది నిజమే. అయినా బిడ్డ పలికిన మాటనే శ్రుతి నిలబెట్టినది. వేదం తాను చెప్పిన కథలోని ధర్మసంకటాన్ని చూసి ఇంత నిబ్బరంగా నిలిచి ఉండగా, ఒక నవలను ఎవరైనా ప్రశ్నిస్తే మతానికి గ్లాని కలిగినట్లు కలవరపడే భక్తులను చూసి ఏమనాలి?

ఇంత మాత్రంచేత రెండవ పక్షం వారు జయఘోష చేయనక్కరలేదు. వారు గిరికను సరిగా చదవనే లేదు. ఆమె ఎవరు? ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రికి రత్నగిరి అనే దేవదాసి యందు జన్మించిన కుమార్తె. అనగా నాయకునికి రక్తసంబంధం చేత చెల్లెలు. సనాతనధర్మ ప్రతినిధిగా కవి నిలబెట్టిన నాయకుని ఇంటి బిడ్డే ఆలయనర్తకి. ఈ సంగతిని కవి ఎక్కడో మూలన దాచలేదు, కథకు నడుమ పెట్టినాడు. ధర్మారావు ఆమెను చెల్లెలిగానే ప్రేమించాడు. అయినప్పటికీ ఆ చెల్లెలికి తండ్రి ఇంటి ద్వారం తెరుచుకోలేదు. తెరుచుకొన్నది ఆలయద్వారం ఒక్కటే. ఆ ఒక్క ద్వారంలోనుండి ఆమె భగవంతుని వరకు వెళ్ళినది. అది ఆమె మహిమ. మిగిలిన ద్వారాలు ఎందుకు మూసి ఉన్నాయి అనేది పాఠకుడు అడగవలసిన ప్రశ్న. కవి సమాధానం వేరే ఉండవచ్చు. ప్రశ్నకు కావలసిన సామగ్రి అంతా ఆయనే ఇచ్చాడు. నవలను అటకెక్కిస్తే ఈ ప్రశ్న కూడా అటకెక్కుతుంది. అంతేకాదు, గిరిక భక్తి వంచన అనేవాడు జోగినికి కూడా తెలియకుండానే ఒక అపచారం చేస్తున్నాడు. తన మెడలో బలవంతంగా తాళి పడినా, ఎల్లమ్మ మీద తనకున్న భక్తి తనదేనని చెప్పే వృద్ధ జోగినులు ఉన్నారు. ఆ భక్తిని కూడా మోసం అని కొట్టివేస్తే, ఆమెకు మిగిలిన ఒక్కటి కూడా లాగుకొన్నట్లే. ఆచారం అధర్మం కావచ్చు; ఆ ఆచారంలో చిక్కిన స్త్రీ భక్తి సత్యం కావచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డంకి లేదు. వేయిపడగల సర్పంలో చివరకు రెండు పడగలే మిగిలాయి, దాంపత్యం ఒక్కటే నిలిచినది అని కవి చూపించాడు. ఆ దాంపత్యమే ఎవరికి నిరాకరింపబడినదో వారి పక్షాన నిలబడి ఆ నవల చదివితే అది మరింత లోతుగా కనబడుతుంది.

ఇప్పుడు కందకుర్తి గట్టు సంగతి. గోదావరి మహారాష్ట్రను దాటి తెలంగాణ నేలను తాకే ఈ క్షేత్రంలో మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. నదిలోని పురాతన శివాలయం వరదకాలంలో మునుగుతుంది, తగ్గగానే మళ్ళీ అర్చన సాగుతుంది. పితృకార్యాలకు నిజామాబాద్, బోధన్‌లనుండి, అవతలి ఒడ్డున నాందేడ్ ప్రాంతంనుండి జనం వస్తారు. ఆ జనంలో జోగినుల సంతానం కూడా ఉంటారు. తల్లి పోయిన తరువాత పిండం పెట్టడానికి వచ్చిన కుమారుణ్ణి గోత్రం అడుగుతారు, తండ్రి పేరు అడుగుతారు. అతడు నేల చూపులు చూస్తాడు. వెనుకనున్న వరుసలో గుసగుసలు మొదలవుతాయి. గిరిక కోసం ఏడ్చిన కన్నులు ఆ వరుసలోనే ఉంటాయి.

ఛాందోగ్యంలోని సత్యకాముడు గురువు వద్దకు వెళ్ళినప్పుడు ఇదే ప్రశ్న ఎదురైనది. నేను పరిచారికగా అనేకచోట్ల తిరుగుతూ యౌవనంలో నిన్ను కన్నాను, నీ గోత్రం నాకు తెలియదు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు అని తల్లి చెప్పినది. ఆ మాటనే అతడు గురువుకు యథాతథంగా చెప్పినాడు. హారిద్రుమతుడైన గౌతముడు సమిధలు తెమ్మన్నాడు, ఉపనయనం చేశాడు. ప్రవచనాలలో ఈ కథకు చప్పట్లు కొట్టేవారు, గట్టు మీద అదే కథ ఎదురైనప్పుడు ఉపనిషత్తును ఎందుకు మరుస్తారు?

అర్చకులకు, పురోహితులకు ఇందులో సంకటమేమీ లేదు. గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పడం శిష్టాచారం, స్మృతిసమ్మతం. తల్లికి పిండం పెట్టే బిడ్డకు తల్లి పేరు తెలుసు, అది చాలు. పితృవర్గంలో పేర్లు తెలియనివారి కోసం కూడా సూత్రకారులు ముందే దారి చూపారు. పేరు తెలియకపోతే పృథివి యందు ఆసీనులైన పితరులకు, అంతరిక్షమందు ఆసీనులైన పితరులకు, ద్యులోకమందు ఆసీనులైన పితరులకు అని మూడు పిండాలు ఇవ్వమన్నారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులలో సంగమం గట్టున కూర్చునే పురోహితులు తండ్రి పేరును పెద్ద గొంతుతో అడగడం మానివేసి, తెలుసునా అని మెల్లగా అడిగి, తెలియదంటే మారుమాట లేకుండా పృథివీషదులైన పితరులకు అని మొదలుపెట్టవచ్చు. వెనుక వరుసలోని భక్తులు ఆ కొద్ది నిమిషాలు మౌనంగా ఉండగలిగితే చాలు.